వాటర్ వాష్ నీటికి మెంబ్రేన్ ఫిల్టర్: మురికి పోయింది, ఉప్పు మిగిలింది

ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద మాకు కార్ల వాటర్ వాష్ కేంద్రం ఉంది. చీమకుర్తి క్వారీల వైపు నుంచి వచ్చే బండ్లే ఎక్కువ. వాటి అడుగు నుంచి దిగేది మామూలు బురద కాదు. గ్రానైట్ పొడి, గ్రీజు, షాంపూ కలిసిన బూడిదరంగు ముద్ద. అది కాలువలోకి పోతే ఇరుగుపొరుగుతో తగాదా, వేసవిలో బోరు అడుగంటితే ట్యాంకరు ఖర్చు. ఈ రెండూ పడలేక, వాడిన నీటినే శుద్ధి చేసి మళ్లీ వాడుకునే అల్ట్రాఫిల్ట్రేషన్ యూనిట్ పెట్టించాను. ఏ కంపెనీదో రాయను.

మురికి తీయడంలో దానికి వంక పెట్టలేను. గొట్టంలో సేమియాలా సన్నని బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి, మెంబ్రేన్ అంటే ఇవే. వాటి గోడల్లోని రంధ్రాలు మైక్రానులో పదో వంతు నుంచి నూరో వంతు వరకు ఉంటాయి కాబట్టి గ్రానైట్ పొడి, నూనె బిందువులు, చాలావరకు సూక్ష్మజీవులు ఇవతలే ఆగిపోతాయి. బయటికి వచ్చిన నీటిని గ్లాసులో పట్టి చూస్తే అడుగున నలక ఉండదు. కొద్దిగా నురుగు మాత్రం ఉంటుంది, షాంపూ పూర్తిగా ఆగదు. టైర్లు, అడుగుభాగం కడగడానికి అది అడ్డం కాదు.

అమ్మిన మనిషి దాచిన సంగతి ఉప్పు. నీటిలో కరిగిన లవణాలు ఆ రంధ్రాల కంటే ఎంతో చిన్నవి, దర్జాగా దాటిపోతాయి. మా బోరు అసలే ఉప్పన. కడిగిన ప్రతిసారీ కొంత నీరు ఆవిరై ఉప్పు వెనక మిగులుతుంది, తగ్గిన నీటికి మళ్లీ బోరు నీరే కలుస్తుంది. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు అంకె పైకే పోతుంది. తెల్ల కార్లలో తెలియదు గాని, నల్ల కారు ఎండలో ఆరితే బానెట్ నిండా తెల్లటి చుక్కలు. కంపెనీకి ఫోను చేస్తే, "ఆర్వో కూడా పెట్టించుకోండి సార్" అన్నాడు. ఆ మాట అమ్మే రోజున ఏమైంది? పైగా ఆర్వో వదిలే ఉప్పునీటిని ఎక్కడ పోయాలో అతనూ చెప్పలేదు.

చివరికి నేనే ఒక దారి చూసుకున్నాను. ఆఖరి కడుగుడుకు మాత్రం వేరే ట్యాంకులో ఉంచిన మంచినీరు వాడుతున్నాం. ఆ నీరు కూడా తొట్టిలోకే చేరి, తగ్గిన నీటిని పూడుస్తుంది, ఉప్పునూ పలచన చేస్తుంది. ట్యాంకరు పూర్తిగా మానలేదు, బాగా తగ్గింది.

ఇక మెంబ్రేన్ బతుకు దాని ముందున్న తొట్ల మీద ఆధారపడి ఉంటుంది. మాకు మట్టి దిగడానికి ఒకటి, నూనె తేలడానికి ఒకటి, తర్వాత ఇసుక ఫిల్టరు ఉన్నాయి. కుర్రవాళ్లు బండి అడుగున డీజిల్ కొట్టిన రోజున మూడూ చేతులెత్తేస్తాయి. ఆ నూనె పోగులకు పట్టిందంటే ప్రెజర్ గేజి ముల్లు లేస్తుంది, నీటి ధార సన్నబడుతుంది. నీటిని వెనక్కి తోసి కడిగే బ్యాక్‌వాష్ చాలదు, కాస్టిక్ సోడా ద్రావణంతో కడగాలి. గార పట్టితే సిట్రిక్ యాసిడ్. మా దగ్గర ఇప్పుడు డీజిల్ స్ప్రే బంద్. అలిగి వెళ్లిపోయిన బేరాలూ ఉన్నాయి, పోనీ.

వాసన మరో తలనొప్పి. రాత్రంతా నిలిచిన నీరు తెల్లారేసరికి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. చిన్న బ్లోయరు పెట్టి గాలి కొట్టించాక తగ్గింది. ఇదీ కొటేషన్‌లో లేదు.

యూనిట్‌కు అయిదులో మూడున్నర ఇస్తాను, అమ్మినవారికి ఒకటి. సింగరాయకొండ నుంచి ఒకాయన చూసి వెళ్లడానికి వచ్చి, ఎంతయిందని అడిగారు. "ధర తర్వాత చెప్తానండీ, ముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకు రండి, మీటరు పెట్టి చూద్దాం" అన్నాను.