అద్దెకిచ్చే ఫ్లాట్: కట్టేసింది కొనాలా, కడుతున్నదా?

హైదరాబాద్‌లో అద్దె కోసం మొదటి ఫ్లాట్ కొనేవాళ్లకు కడుతున్నదే చవకగా కనిపిస్తుంది. లెక్క వేస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

పోలిక తేలిగ్గా ఉండటానికి రెండూ 60 లక్షలే అనుకుందాం. బ్యాంకు 80 శాతం, అంటే 48 లక్షలకు మించి ఇవ్వదు. చేతి నుంచి 12 లక్షలు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్‌కు మరో నాలుగున్నర లక్షల దాకా. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని అధికారులిచ్చే పత్రం) వచ్చిన ఫ్లాట్‌కు జీఎస్టీ లేదు. కడుతున్నదానికి 5 శాతం, ఇంకో 3 లక్షలు.

కట్టేసిందైతే కిరాయిదారు దొరికిన నెల నుంచే అద్దె. అయితే 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 41,650. అద్దె 16 వేలొస్తే మిగతా పాతిక వేల పైచిలుకు జీతంలోంచే పోవాలి.

కడుతున్నదానికి ఒక్కో స్లాబ్ పడేకొద్దీ లోన్ విడుదలవుతుంది, విడుదలైనంతకే వడ్డీ. తేలిగ్గానే ఉంటుంది కానీ తీసుకున్న అప్పు అసలులో పైసా తగ్గదు. మీరే అద్దింట్లో ఉంటే రెండు వైపులా బాదుడు. పైగా ఆ కాలపు వడ్డీని ఇల్లు పూర్తయ్యాకే, ఐదు వాయిదాల్లో, పన్ను లెక్కలో చూపాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేకుండా ముందే అమ్మే ‘ప్రీ-లాంచ్’ జోలికి అసలు వెళ్లొద్దు. అలా అమ్మడమే చట్టవిరుద్ధం.

పాత ఫ్లాట్లలో ముంచేది కాగితాలే. ఈసీలో (ఆస్తి మీదున్న లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీరని తనఖా, మంజూరైన ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఉంటే లోన్ బ్యాంకు లీగల్ పరిశీలనలోనే ఆగిపోతుంది. అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ముందే కాగితాలు లాయర్‌కు చూపించుకోండి. మొదటి ఫ్లాట్‌కు మా ఓటు కట్టేసినదానికే.