ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టి తొమ్మిదేళ్లు: సోమవారం జర్నల్ చూడమని నాకెవరూ చెప్పలేదు

ఫారం ఎలా నింపాలో, ఏ కాగితాలు జత చేయాలో ఎక్కడ వెతికినా దొరుకుతుంది. అందుకే వాటి జోలికి వెళ్లను. మాది సున్నిపిండి, కుంకుడుకాయ పొడి చేసే ఇంటి వ్యాపారం. రాజమహేంద్రవరం దగ్గర ఊరు. 2009లో మా నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ మా వదినా నడుపుతున్నాం. 2017లో మా పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టాం, 2019 మొదట్లో సర్టిఫికెట్ వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఒక్కటే. పేరు రిజిస్టర్ అయ్యాక దానికి కాపలా కాయాల్సింది మనమే. చట్టం ఆ పనిని యజమానికే వదిలేసింది. ఫీజు తీసుకుని కాగితాలు పెట్టిన ఏజెంటు ఆ ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే మాకు రెండేళ్ల టెన్షన్ తప్పేది.

ముందు మంచి సంగతులు చెబుతాను, ఎందుకంటే అవీ నిజమే. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుల వర్గానికి, ఫీజు 4,500 రూపాయలు. పెద్ద కంపెనీలకు 9,000. మనది చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు పరిధి, అయినా నేను ఒక్కసారి కూడా రైలెక్కలేదు. సున్నిపిండి మూడో క్లాసులోకి వస్తుంది, సబ్బులు, సౌందర్య సాధనాల పక్కన. లేబుల్ తెలుగులో ఉంది కాబట్టి అందులోని మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారు, వాటి అర్థం ఏమిటి అని అడిగారు, ఇచ్చాం. ‘సున్నిపిండి’ అనే మాట మీద మాకు హక్కు రాదని ఆ ఆఫీసు నుంచి అబ్జెక్షన్ వచ్చింది. అది న్యాయమే. ఆ మాట ప్రతి ఇంటిదీ. దానికి నెల లోపల జవాబు ఇచ్చాం, ముందుకు వెళ్లింది.

నిజంగా పనికొచ్చింది నాన్నగారి బిల్లు పుస్తకాలు. 2009 నుంచి వాడుతున్నామని చెప్పుకోవాలంటే అఫిడవిట్‌తో పాటు రుజువులు పెట్టాలి. ఆయన కార్బన్ కాపీ పుస్తకాలన్నీ అటక మీద ఒక రేకు పెట్టెలో దాచారు. మండపేట, రామచంద్రపురం, తుని కొట్ల పేర్లు, తేదీలు, ఎన్ని ప్యాకెట్లు, బాకీ ఎంత అన్నీ ఆయన చేతి రాతలో ఉన్నాయి. వాటి విలువ నాకు అప్పుడు సగమే తెలిసింది.

ఇక అసలు సంగతి. 2021 నవంబరులో తుని నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. “ఏమండీ, మీ సున్నిపిండితో నలుగు పెడితే పాపకు ఒంటి నిండా దద్దుర్లు వచ్చాయండి. మీరేం కలుపుతున్నారండీ?” అని ఏడుస్తున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మేం వేసేది పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు, ఎండబెట్టిన గులాబీ రేకులు. సెంటు చుక్క కూడా వేయం. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. ఆవిడ ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టారు. ఆకుపచ్చ అంచు, మధ్యలో ఇత్తడి గిన్నె బొమ్మ, పైన పేరు. చూడగానే మాదే అనుకున్నాను. వెనక్కి తిప్పితే వేరే జిల్లా చిరునామా.

మా పేరు మా నాయనమ్మను ఊళ్లో అందరూ పిలిచే పేరు. మూడు అక్షరాలు, చివర దీర్ఘం. వాళ్లు ఆ దీర్ఘం తీసేశారు. తెలుగులో చదివితే ఆ కాస్త తేడా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అదీ లేదు, రెండూ ఒకటే. కొట్టువాడు కూడా, “మీ సరుకే కదమ్మా, రేటు తగ్గించారనుకున్నాను” అన్నాడు.

సర్టిఫికెట్ ఉంది కదా అనే ధైర్యంతో డిసెంబరులో లాయరు చేత నోటీసు పంపించాను. జనవరిలో జవాబు వచ్చింది. దానితో పాటు వాళ్ల సర్టిఫికెట్ జిరాక్సు. అది చూసి మా వదిన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

జరిగింది ఇదీ. ప్రతి సోమవారం ట్రేడ్‌మార్క్ జర్నల్ వస్తుంది. ఒప్పుకున్న దరఖాస్తులన్నీ అందులో అచ్చవుతాయి. అచ్చయిన నాటి నుంచి నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఎవరూ పెట్టకపోతే రిజిస్టర్ అయిపోతుంది. వాళ్ల దరఖాస్తు 2019 ఆగస్టు జర్నల్‌లో వచ్చింది. నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ నేను దసరా, దీపావళి ఆర్డర్లు చూసుకుంటున్నాను. ఆ సమయంలో మాకు ఏ కబురూ రాలేదు. ఏజెంటును అడిగితే, “జర్నల్ చూడటం మన ప్యాకేజీలో లేదు మేడమ్” అన్నాడు. అలాంటి పని ఒకటి ఉంటుందని ఆ రోజే మొదటిసారి విన్నాను. పొలం పాస్‌బుక్ చేతిలో ఉంది కదా అని గట్టు వైపు చూడకుండా కూర్చున్నట్టయింది మా పని.

రెండో దెబ్బ లాయరు గారు చెప్పినది. ఇద్దరి దగ్గరా సర్టిఫికెట్లు ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరు ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కేసు వేయడానికి ట్రేడ్‌మార్క్ చట్టంలోని 28వ సెక్షనే అడ్డట. అంటే నేను డబ్బు కట్టి తెచ్చుకున్న కాగితం సరిగ్గా అవసరమైన చోట పని చేయదు. ఉన్న దారులు రెండు. వాళ్ల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని 57వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవడం ఒకటి. మా పేరును వాళ్ల సరుకుకు వాడుకుని జనాన్ని పొరబడేలా చేస్తున్నారని ‘పాసింగ్ ఆఫ్’ కేసు వేయడం రెండోది. ఉల్లంఘన కేసైతే మనం వ్యాపారం చేసే చోటే వేసుకునే వెసులుబాటు చట్టం ఇచ్చింది. పాసింగ్ ఆఫ్‌కు ఆ వెసులుబాటు లేదు. పోలీసుల దగ్గరకూ వెళ్లాను. సరుకు స్వాధీనం చేసుకోవాలంటే డీఎస్పీకి తగ్గని అధికారి రావాలి, ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. 115వ సెక్షన్‌లో అలాగే ఉంది. అవతలి వాళ్లకూ సర్టిఫికెట్ ఉందని తెలిశాక ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నాకు ఊపిరి పోసింది లాయరు గారు చెప్పిన ఒక తీర్పు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసు. అందులోనూ ఇద్దరికీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. 2015లో సుప్రీంకోర్టు, ముందు నుంచి వాడుతున్న వాళ్ల హక్కే రిజిస్ట్రేషన్ కంటే పెద్దదని చెప్పింది. అవతలి వాళ్లు 2018 నుంచి వాడుతున్నామని రాసుకున్నారు. మా బిల్లులు 2009వి. మళ్లీ అటకెక్కి రేకు పెట్టె దించాను.

2022లో రద్దు అర్జీ పెట్టాం. ఆ తర్వాత కోర్టుకు వెళ్దామనుకుంటే, అర్జెంటుగా స్టే అడగని వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలన్నారు. ఇంకో ఆలస్యం అని మనసులో తిట్టుకున్నాను. ఇక్కడే నేను అనుకోనిది జరిగింది. 2023 చివర్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూర్చున్నాం. అవతలి ఆయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. మొదటి రోజు ఆయన నా వైపు చూడలేదు. రెండోసారి మధ్యవర్తి బిల్లు పుస్తకాలు బల్ల మీద పెట్టించారు. కొడుకు ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు చదివాడు. తర్వాత, “నాన్నా, మార్చేద్దాం” అన్నాడు. అంతే. రెండు నెలల్లో ఉన్న సరుకు అమ్ముకుని పేరు, అంచు రంగు మార్చుకోవాలని, తన రిజిస్ట్రేషన్ రద్దుకు ఆయనే దరఖాస్తు పెట్టుకోవాలని రాసుకున్నాం. నష్టపరిహారం అడగలేదు. 2024 ఏప్రిల్ తర్వాత ఆ ప్యాకెట్ నాకు ఏ కొట్లోనూ కనిపించలేదు. లాయరు ఖర్చు, తిరుగుళ్లు కలిపి మాకు అయింది లక్షా నలభై వేలు. ఒక ఏడాది లాభంలో సగానికి పైన.

కాబట్టి పైన చెప్పిన 4,500 దరఖాస్తు వరకే. ఇంకోటి, రిజిస్ట్రేషన్ పదేళ్లే, అదీ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్క. వచ్చే ఏడాది రెన్యువల్‌కు 9,000 కట్టాలి, అందులో చిన్నవాళ్లకు తగ్గింపు లేదు. లేబుల్‌గా రిజిస్టర్ చేసుకోవడం కూడా మా పొరపాటే అనిపిస్తోంది. బొమ్మ, అంచు, రాత అన్నీ కలిసినదానికి మాకు హక్కు వచ్చింది. పేరును విడిగా, ఉత్త పదంగా పెట్టి ఉంటే ఇంకా గట్టిగా ఉండేదని లాయరు గారన్నారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, మీరూ అదే తీసుకోవచ్చుగా అని కొందరు అడుగుతున్నారు. అది ఊరి పేరుకు, ఆ ఊరి చేతిపనికి ఇచ్చేది. ఒక ఇంటి పేరును కాపాడటం దాని పని కాదు.

ఇప్పుడు ప్రతి సోమవారం వంటపని అయ్యాక వదినా నేనూ జర్నల్ తెరుస్తాం. వారానికి వేలకొద్దీ మార్కులు వస్తాయి. క్లాసుల వారీగా ఫైళ్లు ఉంటాయి కాబట్టి మా మూడో క్లాసు ఒక్కటే చూస్తాం. లేబుళ్లు బొమ్మలుగా ఉంటాయి, పేరు టైపు చేసి వెతికితే దొరకవు, ఒక్కొక్కటీ కంటితో చూడాల్సిందే. గంటన్నర పడుతుంది. పోయిన ఏడాది అలా చూస్తుంటేనే మా పేరుకు ముందు ‘శ్రీ’ తగిలించిన లేబుల్ ఒకటి కంటబడింది. 2,700 కట్టి అపోజిషన్, అంటే ఇందాక చెప్పిన అభ్యంతరం, వేశాం. రెండు నెలల్లో వాళ్లు జవాబు ఇవ్వలేదు, దరఖాస్తు వదులుకున్నట్టు లెక్కయింది. బస్సెక్కింది లేదు, బిల్లు పుస్తకం దించింది లేదు.

తీసుకోమని చెబుతానా? మా లెక్కలో అయితే చెబుతాను. మా సరుకు నాలుగు జిల్లాల్లో అమ్ముడవుతుంది, ఇంట్లో ఇద్దరం చదువుకున్నవాళ్లం, సోమవారం గంటన్నర దొరుకుతుంది. ఒక్క ఊళ్లో, తెలిసిన ఇళ్లకే అమ్ముకునేవాళ్లకు ఇంత అవసరమో కాదో నేను చెప్పలేను. వాళ్లయినా బిల్లులు మాత్రం పారేయొద్దు. ఏజెంటుతో మాట్లాడేటప్పుడు జర్నల్ ఎవరు చూస్తారో ముందే అడిగి, రాయించుకోండి.

పోయిన నెల మా పేరును ఉత్త పదంగా, తెలుగులో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి విడివిడిగా పెట్టాం. ఏజెంటు లేకుండా నేనే నింపాను. ఇంగ్లీషుదానికి నిన్ననే అబ్జెక్షన్ వచ్చింది. జవాబుకు నెల గడువు ఉంది. వదిన మళ్లీ రేకు పెట్టె తుడుస్తోంది.