కారవాన్ తోలాలంటే ముందు బస్సు తోక తెలియాలి: నెల్లూరు బైపాస్ పక్కన హెవీ డ్రైవింగ్ స్కూల్

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లారీ, కాలేజీ బస్సు ఉద్యోగాలు చూసుకునే పిల్లకాయలే. పెద్ద కారవాన్ (లోపల ఇల్లులా అమర్చుకున్న బండి) కొనుక్కున్నవాళ్ళకీ ఇదే దారి, ఎందుకంటే బస్సు ఛాసీ (కింది చట్రం) మీద కట్టిన కారవాన్ తోలడమంటే బస్సు తోలడమే. బండి మొత్తం బరువు 7,500 కేజీలు దాటకపోతే కారు లైసెన్సు చాలు. అద్దె బండికైనా సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. దాటితే హెవీ లైసెన్సు తప్పదు.

రూలు ప్రకారం హెవీ శిక్షణ నెల రోజులు, స్టీరింగ్ మీద 15 గంటలు. రోజుకి అరగంట లెక్కన ఇక్కడ అది నిజంగానే ఇస్తారు. వెనక సీట్లో కూర్చుని చూసిన టైము అందులో కలపరు. చాలాచోట్ల కలిపేస్తారు.

మొదటి వారం యార్డులో చెప్పే పాఠానికే ఫీజు గిట్టిపోతుంది. ఆగి ఉన్న బస్సు ఎడమ పక్కన నేల మీద సున్నంతో గీత గీస్తారు. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, బస్సుని రెండు మీటర్లు మెల్లగా కదిలించి, దిగి చూడమంటారు. వెనక బంపరు గీత దాటి బయటికొచ్చి ఉంటుంది. అదే తోక. పక్కన మోటారుసైకిల్ ఉంటే తగిలేది అక్కడే. కారులో ముందు చక్రాలు మన కాళ్ళ ముందుంటాయి, బస్సులో మన వెనక. అందుకని మలుపులో మన సీటు రోడ్డు మూలని దాటేదాకా ఆగి, అప్పుడు తిప్పాలి. ఎదురు గోడకి గుద్దేస్తామేమో అనిపించినా ఆగాలి. తొందరపడి తిప్పితే వెనక చక్రం మూల ఎక్కేస్తుంది.

గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకు కూడా ఓపిగ్గా నేర్పుతారు. ఎయిర్ తక్కువుందని మోగే బజర్ ఆగి, ఎయిర్ మీటరు ముల్లు పైకెక్కేదాకా హ్యాండ్ బ్రేకు వదలనివ్వరు. దిగుడులో బ్రేకు పదే పదే కొడితే ఎయిర్ దిగిపోతుంది, కాలు ఆనించి ఉంచితే లైనర్లు (చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు పట్టీలు) వేడెక్కి పట్టు తప్పుతాయి. దిగకముందే చిన్న గేరు వేసి ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగ దారి మూసి బండి వేగం తగ్గించేది) వాడాలి. అయితే ఇదంతా మాటల్లోనే, ఇక్కడ రోడ్లన్నీ చదునుగా ఉంటాయి. అడిగి ఒక్కరోజైనా దోర్నాల-శ్రీశైలం ఘాట్‌కి తీసుకెళ్ళమనండి.

అసలు లోటు ఏమిటంటే, నేర్పేది ఖాళీ బస్సు మీద. కారవాన్‌లో 300 లీటర్ల నీళ్ళంటే 300 కేజీలు. ట్యాంకు సగమే ఉంటే బ్రేకు వేసినప్పుడు నీళ్ళు ముందుకు ఊగి బండిని నెడతాయి. బయల్దేరేముందు నిండుగా పట్టాలి, లేదా ఖాళీ చేయాలి. ఎత్తు గురించి ఒక్క ముక్క చెప్పరు. పైన ఏసీ పెట్టెతో కలిపి టేపుతో కొలిచి, ఆ అంకె స్టీరింగ్ ఎదురుగా అంటించుకోండి. మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల వైపు మళ్ళేముందు చూసుకోవాల్సింది దాన్నే. ఊళ్ళలోకి దిగితే వేలాడే కరెంటు తీగలు, ఎడమవైపు చింతకొమ్మలు ఉంటాయి. మైపాడు లాంటి బీచ్‌కి వెళ్తే తారు ఉన్నచోటే బండి తిప్పుకోవాలి. ఇసకలో దిగబడిందంటే ట్రాక్టరు రావాల్సిందే.

చేరేముందు రెండు అడగండి: ఫీజులో డీజిల్ ఉందా, టెస్టు రోజు బండి వాళ్ళే ఇస్తారా. పొద్దున ఆరింటి బ్యాచ్ తీసుకుంటే హైవే మీద రద్దీ తక్కువ.