అమ్మ చేతుల వణుకు కోసం మూవ్‌మెంట్ డిజార్డర్స్ (కదలికల సమస్యలు చూసే) క్లినిక్‌కి వెళ్ళాం, నా రివ్యూ

అమ్మకి చేతులు వణకడం మొదలై అయిదేళ్ళు దాటింది. గ్లాసు ఎత్తితే నీళ్ళు ఒలికిపోయేవి, నలుగురిలో సంతకం పెట్టాలంటే భయపడేది. ముందు చూపించిన చోట రెండు నిమిషాల్లో పార్కిన్సన్స్ అనేసి మాత్రలు రాసిచ్చారు, ఎనిమిది నెలలు వాడినా ఏం తగ్గలేదు, పైగా ఆ పేరు విన్న దగ్గర్నుంచి అమ్మ సరిగ్గా నిద్రపోలేదు. అందుకే వణుకులు ప్రత్యేకంగా చూసే న్యూరాలజీ క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

డాక్టర్ గారు ఫైల్ పక్కన పెట్టేసి ముందు అమ్మని చూశారు. చేతులు ఒళ్ళో వదిలేసి వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు, చేతులు కదల్లేదు. ముందుకి చాపమన్నారు, వెంటనే రెండు చేతులూ మొదలు. తన ముక్కు, డాక్టర్ గారి వేలు మార్చి మార్చి తాకమన్నారు, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయించారు, చెయ్యి బల్లకి ఆనించకుండా కాగితం మీద స్పైరల్ గీయించారు. వేళ్ళు టపటపా కొట్టించి నెమ్మదిస్తున్నాయా చూశారు, మణికట్టు తిప్పి బిగుసుకుందేమో చూశారు, గీత మీద నడిచినట్టు అడుగు ముందు అడుగు వేయించారు. దాదాపు ముప్పావు గంట!

తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పారు, నాకు బాగా నచ్చింది ఇదే. మన ప్రమేయం లేకుండా ఒక లయలో అటూ ఇటూ ఊగితేనే ట్రెమర్ అంటారట, లయ లేని కుదుపులు వేరే లెక్క. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికితే రెస్ట్ ట్రెమర్, పార్కిన్సన్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే, సెకనుకి 4 నుంచి 6 సార్లు, చాలామందికి ముందు ఒక పక్కనే మొదలవుతుంది. చాపి పట్టుకున్నప్పుడు, పని చేస్తున్నప్పుడు వణికితే యాక్షన్ ట్రెమర్. అందులోనే వేలు గురి దగ్గరికి వెళ్ళేకొద్దీ వణుకు పెరిగితే ఇంటెన్షన్ ట్రెమర్, అప్పుడు చిన్న మెదడు వైపు అనుమానిస్తారు. రాసేటప్పుడు మాత్రమే వణికే వాళ్ళు కూడా ఉంటారట.

2018లో వచ్చిన వర్గీకరణ ప్రకారం రెండు మెట్లు, ముందు లక్షణాలు చూసి ఏ రకమో తేల్చాలి, కారణం ఏంటన్నది ఆ తర్వాత వెతకాలి. అమ్మది ఎసెన్షియల్ ట్రెమర్ అన్నారు, దానికి రెండు చేతుల్లో యాక్షన్ ట్రెమర్ కనీసం మూడేళ్ళుగా ఉండాలి, వేరే నరాల లక్షణాలు ఉండకూడదు. నడకలో చిన్న తేడా లాంటిది ఏదైనా కనిపిస్తే ఎసెన్షియల్ ట్రెమర్ ప్లస్ అంటారట, అందుకే అలా నడిపించారని అప్పుడు అర్థమైంది. థైరాయిడ్ టెస్ట్ రాశారు, ఇన్‌హేలర్, లిథియం, వాల్‌ప్రోయేట్ లాంటి మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు, వాటి వల్ల కూడా చేతులు వణుకుతాయట. వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ అనే మాత్ర రాసే ముందు ఆస్తమా ఉందా అని రెండుసార్లు అడిగారు, ఉంటే అది పడదట. పాత మాత్రలు ఒకేసారి ఆపొద్దు, ఎలా తగ్గించాలో చెప్తాను అని కాగితం మీద రాసిచ్చారు.

వెయిటింగ్‌లో పక్కన కూర్చున్న పెద్దాయనకి నిలబడితే చాలు కాళ్ళు వణుకుతాయి, నడిస్తే పోతుంది. దాన్ని ఆర్థోస్టాటిక్ ట్రెమర్ అంటారు, సెకనుకి 13 నుంచి 18 సార్లు, అంత వేగం కంటికి సరిగ్గా కనపడదు కూడా. అలాంటాయన్ని రిజిస్ట్రేషన్ క్యూలో నిలబెట్టారు, చూస్తే బాధేసింది, ఇది మాత్రం వాళ్ళు తప్పకుండా మార్చుకోవాలి. మాకూ మూడు గంటలు పట్టింది. చివర్లో ఇచ్చిన రిపోర్ట్ మొత్తం మెడికల్ భాషలోనే ఉంది, డాక్టర్ గారు నోటితో చెప్పినంత తేలిగ్గా రాసిస్తే ఇంట్లో మిగతావాళ్ళకి కూడా చూపించేదాన్ని.

నాలుగు స్టార్లు, ఒకటి ఆ క్యూకి తగ్గించాను. స్పైరల్ కాగితం మీద తేదీ వేసి ఫైల్‌లో పెట్టారు, వచ్చే చెకప్‌లో ఇంకోటి గీయించి పక్కపక్కన పెట్టి చూస్తారట.