బాల్సా కిట్టా, ఫోమ్ విమానమా? తిరుపతి ఎండకు ఏది మేలు?

ఆర్‌సీ విమానం, అంటే రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం, మొదలుపెట్టాలనుకున్న ప్రతి ఒక్కరికీ ముందు వచ్చే అనుమానం ఇదే. బాల్సా అనే తేలికపాటి కర్ర ముక్కల కిట్ కొని సొంతంగా కట్టుకోవాలా, పెట్టెలోంచి తీసి రెక్కలు బిగిస్తే ఎగిరిపోయే ఫోమ్ విమానం తెచ్చుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తాను: మొదట ఫోమ్‌తో ఎగరడం నేర్చుకోండి, బాల్సా కిట్‌ను ఆ పక్కనే ఇంట్లో తీరిగ్గా కడుతూ ఉండండి. ఎగరడం రాకముందే బాల్సా విమానాన్ని మైదానానికి తీసుకెళ్లడం మాత్రం వద్దు.

ఎందుకంటే కొత్తవాళ్ల విమానం పడిపోవడం ఖాయం. ఈపీఓ అనే రకం ఫోమ్‌తో చేసిన విమానం ముక్కు మీద పడితే ముక్కు రెండుగా చీలుతుంది. జిగురు పూసి, పైన టేపు చుడితే చాలాసార్లు అదే రోజు మళ్లీ గాల్లోకి లేస్తుంది. అదే బాల్సా అయితే మోటారు బిగించిన ప్లైవుడ్ పలక ఊడి వస్తుంది, దాని వెనక పక్క పలకలు చీలుతాయి, రెక్కలో రిబ్బులు (ఆకారం నిలిపే అడ్డ బద్దలు) విరుగుతాయి. పైన అతికించిన ఫిల్మ్ (వేడికి బిగుసుకునే పల్చటి ప్లాస్టిక్ పొర) కోసి తీసి, విరిగిన బద్దకు జోడు బద్ద అతికించి, ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ ఫిల్మ్ వేయాలి. కాలేజీ, ఉద్యోగం చూసుకుంటూ చేసేవాళ్లకు అది వారం పని. ఈ టెన్షన్‌తోనే చాలామంది మొదటి విమానంతోనే హాబీ మానేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

జిగురు దగ్గర ఒక జాగ్రత్త. ఫెవిక్విక్ లాంటి సీఏ జిగుర్లు బాల్సాకు బాగా పట్టుకుంటాయి, ఈపీఓకూ పరవాలేదు. థర్మకోల్‌కు తగిలితే మాత్రం దాన్ని కరిగించేస్తాయి. మామూలు స్ప్రే పెయింటూ అంతే. మీ విమానం ఏ ఫోమ్‌దో తెలియకపోతే కనపడని మూలలో ఒక్క చుక్క వేసి చూడండి. బాల్సాలో మోటారు పలకకూ రెండు రెక్కలు కలిసే చోటుకూ ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడాలి, మిగతా అతుకులకు ఫెవికాల్ చాలు. ఆరడానికి టైమ్ పడుతుంది కానీ ముక్కను సరిగ్గా కుదిర్చి పెట్టుకునే వీలు ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ ఐదు నిమిషాలు కూడా ఆగదు. కొంచెం కొంచెంగా కలుపుకోండి.

ఎగిరే తీరులో మాత్రం బాల్సాదే పైచేయి. రెక్క గట్టిగా ఉంటుంది, అదురు తక్కువ, రిమోట్‌లో స్టిక్ ఎంత కదిపితే అంతే తిరుగుతుంది. చవక ఫోమ్ రెక్క వేగం పెరిగితే వంగుతుంది. పైగా ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మెలి తిరుగుతుంది. వేసవిలో తిరుపతిలో బయటే నలభై డిగ్రీలు దాటుతుంది, మూసిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. విమానానికి వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కూడా అక్కడ వదలొద్దు.

బాల్సాకూ మన వాతావరణంతో ఒక పేచీ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమను బాల్సా పీల్చుకుంటుంది. అప్పుడే ఫిల్మ్ వేసేస్తే, వేసవిలో కర్ర ఆరి కుంచించుకున్నాక ఫిల్మ్ వదులై ముడతలు పడుతుంది. అందుకే వానల్లో అస్థిపంజరం వరకు కట్టుకుని, ఫిల్మ్ పని సంక్రాంతి దాటాక పెట్టుకోవడం మంచిది. పాత పద్ధతిలో టిష్యూ కాగితం అతికించి డోప్ (కాగితాన్ని బిగించే వార్నిష్ లాంటిది) పూసేవాళ్లకు ఇంకో ఇబ్బంది: తేమలో డోప్ తెల్లగా పాలిపోతుంది, వాసన ఇల్లంతా నిండుతుంది. మన ఊరికి ఫిల్మే నయం.

ఫిల్మ్ వేసే ముందు రెక్కను 240, ఆ తర్వాత 320 నంబరు ఉప్పు కాగితంతో రుద్దాలి. అతుకుల దగ్గర ఉబ్బిన జిగురును వేలితో తడిమి పట్టుకోవాలి, ఎందుకంటే చిన్న గడ్డ కూడా ఫిల్మ్ కింద స్పష్టంగా కనపడుతుంది. ఫిల్మ్ మొదట రెక్కకు కింది వైపు, తర్వాత పై వైపు వేయాలి. ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో పెట్టి అంచులన్నీ అతికించాక, వేడి కొంచెం పెంచి మధ్యలో బిగించాలి. ఒకే వైపు పూర్తిగా బిగిస్తే రెక్క అటు మెలి తిరుగుతుంది. కింద కొంచెం, పైన కొంచెం మార్చి మార్చి బిగించి, ప్రతిసారీ చదునైన చోట పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడాలి. దీనికి మన చిత్తూరు వైపు ఒక సౌకర్యం ఉంది: గ్రానైట్ పాలిష్ పట్టే చోట మిగిలిన ముక్క అడిగితే దొరుకుతుంది. దాని మీద మెత్తటి బోర్డు వేసి గుండుసూదులు గుచ్చి కడితే రెక్క వంకర పోదు.

ఫోమ్‌కు ఈ పనులేవీ అక్కర్లేదు, రంగు టేపు చాలు. తెల్ల ఫోమ్‌ను అలాగే వదిలేయకండి, మధ్యాహ్నపు ఆకాశంలో అసలు కనపడదు. రెక్క కింద నల్లటి అడ్డగీతలు రెండు వేస్తే విమానం తలకిందులైందో లేదో తెలుస్తుంది.

ఏఆర్‌ఎఫ్, అంటే ఫ్యాక్టరీలో కట్టి ఫిల్మ్ వేసి వచ్చే బాల్సా విమానం, టైమ్ లేనివాళ్లకు సరే. పడితే రిపేరు మాత్రం బాల్సాలాగే ఉంటుంది, కట్టడం రాని చేతికి అది ఇంకా కష్టం.

ఏది కొన్నా ఎగరేసే చోటు ముందు చూసుకోండి. తిరుమల కొండ వైపు ఆలోచనే వద్దు. రేణిగుంట విమానాశ్రయం దగ్గర కూడా ఆంక్షలు ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు). ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ రంగులో ఉందో చూశాకే బయల్దేరండి.

ఇక డబ్బు సంగతి. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీ విడిగా ఊడదీసుకునే వీలున్న ఫోమ్ విమానం ఎంచుకోండి. ఉదాహరణకు మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, 30 ఆంప్ ఈఎస్‌సీతో నడిచేది తీసుకుంటే, ఆ సెట్‌కు సరిపోయే బాల్సా ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం) కిట్ వెతుక్కోవచ్చు. ఫోమ్ విమానం అరిగిపోయే నాటికి బాల్సా రెక్కకు ఫిల్మ్ కూడా పూర్తయి ఉంటుంది. పాత సామాను కొత్త విమానంలో బిగించి, బ్యాటరీని ముందుకు వెనక్కు జరిపి సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) సరిచేసుకుంటే సరిపోతుంది.