పదిహేనడుగుల మడత గాలం, దానితో ఊరికే వచ్చిన వల

కాజీపేట రైల్వేలో కరెంటు తీగల సెక్షన్‌లో పనిచేస్తాను. డ్యూటీ లేని పూట గాలం పట్టుకుని గట్టున కూర్చోవడం చిన్నప్పటి అలవాటు. ఇన్నేళ్లూ వెదురు కర్ర, తంగూసు (గాలానికి కట్టే నైలాన్ దారం), నెమలీక కాడతో చేసిన, నీళ్ల మీద తేలే బెండు, ఇంతే నా సామాను. నెల కిందట మా మేనల్లుడు పోరు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక మడత గాలం కర్ర తెప్పించాడు. కార్బన్‌ది, సాగదీస్తే నాలుగున్నర మీటర్లు, మూస్తే సంచిలో పడుతుంది. రీలు ఉండదు, కొసకు ఎర్రటి చిన్న తోకదారం ఉంటుంది, తంగూసు దానికే కట్టుకోవాలి. ధర 1,450 రూపాయలు. దాంతోపాటు చేపలు వేసుకునే వల ఫ్రీ. కంపెనీ పేరు రాయడం లేదు. కర్ర ఎలాంటిదో, వల ఎలాంటిదో చెప్తాను, అది చాలు.

మామూలుగా ఒక ఆదివారం వాడి రాస్తే ఏమీ తెలిసేది కాదు. పోటీలో వాడాను కాబట్టే మంచీ చెడూ రెండూ బయటపడ్డాయి.

మా గాలం దోస్తులం 24 మందిమి ధర్మసాగర్ వైపు ఒక రైతు చేపల గుంట దగ్గర జట్ల పోటీ పెట్టుకున్నాం. ఊరి చెరువులో పెడదామని కొందరన్నారు గానీ, అక్కడ చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘం వాళ్లది. వాళ్లను అడగకుండా గాలం వేస్తే గొడవే, అది న్యాయమైన గొడవ కూడా. రైతుకు మనిషికి 200 ఇచ్చాం. చేపలను చంపకుండా తూకం వేసి మళ్లీ గుంటలోనే వదలాలని ఆయన షరతు. మాకూ కావలసింది అదే, ఎందుకంటే మేం పెట్టుకున్న పద్ధతి ఇంగ్లండ్ వాళ్లది. సాల్మన్, ట్రౌట్ జాతులు కాకుండా మిగతా మంచినీటి చేపల్ని పట్టడాన్ని అక్కడ కోర్స్ ఫిషింగ్ అంటారు. ఎవరు ఏ నంబరు దగ్గర కూర్చోవాలో చీటీ తీస్తారు, పట్టిన చేపల్ని నీళ్లలోనే వలలో ఉంచుతారు, టైం అయ్యాక తూకం.

మేం ఆరు జట్లు చేశాం, జట్టుకు నలుగురు. గట్టును నాలుగు భాగాలు చేసి, ప్రతి జట్టు నుంచి ఒక్కొక్కరు ఒక్కో భాగంలో కూర్చున్నాం. భాగంలో ఎక్కువ బరువు తెచ్చినవాడికి 6 పాయింట్లు, తర్వాతి వాడికి 5, ఆఖరివాడికి 1. ఈ లెక్క వినడానికి చిన్నదే కానీ ఆట మొత్తం మార్చేస్తుంది. మా బావ తన భాగంలో మూడు కిలోల ఎనిమిది వందల గ్రాముల బొచ్చె చేప పట్టి ఈలలు వేయించుకున్నాడు. వచ్చింది ఆరు పాయింట్లే. పది కిలోలు పట్టినా ఆరే. అదే టైంలో ఇంకో మూల మేనల్లుడు ఖాళీగా కూర్చుంటే బావ బొచ్చె దాన్ని పూడ్చలేదు. అందుకని ప్రతి ఒక్కడూ చిన్న చేపైనా సరే పడుతూనే ఉండాలి. ఈ కర్ర అసలు పనికొచ్చేది ఇక్కడే.

ముందు ఒక గొడవ చెప్పాలి. నంబర్లు పాతేటప్పుడు గట్టుకు ఒక పక్కన మోటారు ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయే 11 కేవీ తీగలు కనబడ్డాయి. వాటి దగ్గరే రెండు నంబర్లు పెట్టారు. నేను ఒప్పుకోలేదు.

"కరెంటోనివి గదా మామా, గందుకే గంత భయం" అన్నాడొకడు.

"కరెంటోన్ని గనకనే భయం రా" అన్నాను.

కార్బన్‌లో కరెంటు పారుతుంది. పదిహేనడుగుల కర్ర నిలబెట్టి ఎత్తితే తీగకు తగలనే అక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు. రోజూ 25,000 వోల్టుల తీగల కింద పనిచేసేవాణ్ణి, దీన్ని నవ్వులాటగా తీసుకోలేను. ఇంగ్లండ్‌లో తీగలకు 30 మీటర్ల దూరం ఉండమంటారు. మేం ఆ రెండు నంబర్లూ అవతలి గట్టుకు మార్చాం. కర్ర మీద మెరుపు గుర్తు ఒకటి వేసి ఉంది గానీ గోరంత సైజులో, అదీ పట్టుకునే చోట చేతికింద దాగిపోతుంది. దీనికి మార్కులు కట్ చేస్తున్నాను.

ఉదయం ఏడుకు మొదలు, పన్నెండుకు ఆఖరు. నాకు తుమ్మచెట్టు నీడ దొరికింది. తవుడు, పల్లి చెక్క, వేయించిన మక్క పిండి, చారెడు సోంపు కలిపి ముద్దలు చేసి బెండు పడే చోటే వేశాను. మొదటి అరగంట బెండు కదల్లేదు. ఆ తర్వాత పరకలు (చిన్న చిన్న చేపలు) మొదలయ్యాయి, మధ్యమధ్యలో జిలేబీ చేపలు. కర్ర ఎంత పొడవుందో తంగూసు అంతే కట్టుకుంటాం కాబట్టి ఎన్నిసార్లు వేసినా గాలం ఒక్క చోటే పడుతుంది, అంటే ముద్ద వేసిన చోటే. చేప పడగానే కర్ర ఎత్తితే ఊగుతూ నేరుగా చేతిలోకి వస్తుంది. నా పక్కనతను రీలు కర్రతో ఒకసారి దూరం, ఒకసారి దగ్గర వేస్తూ, తిప్పి తిప్పి లాగేలోపు నేను రెండు పరకలు వలలో వేశాను. ఐదు గంటలు పట్టుకున్నా చెయ్యి గుంజలేదు. వెదురుతో అయితే పదింటికే భుజం పట్టేసేది.

పదకొండు దాటాక ఒక రవ్వు చేప పడింది. రెండు కిలోలు ఉండేదనుకుంటా. కర్ర విల్లులా వంగింది, విరగలేదు, నిజంగా గట్టిదే. కానీ రీలు లేదు, వదలడానికి దారం లేదు, నా నంబరు దాటి నడవడానికి రూల్ లేదు. కొక్కెం ముడి దగ్గర తంగూసు పుటుక్కున తెగింది. ఇది కర్ర తప్పు కాదు, ఆ రకం కర్ర అంతే. పెద్ద చేపల గుంటకు పోతే దీన్ని తీసుకుపోకండి.

ఇక ఫ్రీ వల సంగతి. నేను వేసే ప్రతి పరకనూ లెక్కపెట్టుకుంటున్నాను, 41. తూకానికి వల ఎత్తితే పరకలు 23. మిగతా 18 ఏమైనట్టు? ఆ వల కన్ను వేలు దూరేంత వెడల్పు. జిలేబీలు ఆగాయి, పరకలు తీరుబడిగా ఇంటికి పోయాయి. పైగా లోతు మూరెడే, చేపలకు తిరగడానికి చోటు లేదు. నాకు రెండు కిలోల మూడు వందల యాభై వచ్చింది, మూడో స్థానం, 4 పాయింట్లు. రెండో స్థానం రెండు కిలోల ఆరు వందలకు పోయింది. పరక ఒక్కోటి 20 గ్రాములు వేసుకున్నా నా నుంచి 360 గ్రాములు జారిపోయినట్టు. సెలూన్ నడిపే మా దోస్తుకు 5, బావకు 6, మేనల్లుడికి 2, నాకు 4, మొత్తం 17. గెలిచిన జట్టుకు 18. నా భాగంలో రెండో స్థానం తెచ్చుకున్నవాడు వాళ్ల మనిషే. నా పరకలు వలలోనే ఉంటే మాకు 18, వాళ్లకు 17. మేనల్లుడు ఈ లెక్క ఇప్పటికీ రోజూ చెప్తున్నాడు, తన రెండు పాయింట్ల మాట మాత్రం ఎత్తడు.

మూసేటప్పుడు ఇంకో చిక్కు. మూడో మడత బిగుసుకుపోయింది. బావ తువ్వాల చుట్టి లాగాడు, రాలేదు. ఇంటికొచ్చి అడుగు మూత తీసి, చెక్క పలక మీద నిలువుగా మెల్లగా కొడితే లోపలికి జారింది, కూడా ఇసుక రాలింది. అప్పటి నుంచి సాగదీసేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టి, మూసేటప్పుడు లావు వైపు నుంచి, ప్రతి మడతనూ పొడిగుడ్డతో తుడుస్తున్నాను. మళ్లీ బిగుసుకోలేదు. కొనేవాళ్లకు ఈ సంగతి డబ్బాలో ఒక చీటీ మీద రాసిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

కర్రకు అయిదులో నాలుగు. చిన్న చేపల గుంటకు, జట్ల పోటీకి ఆ ధరకు మంచి సరుకు. వలకు సున్నా. మొన్న వరంగల్‌లో చిన్న కన్ను ఉన్న లోతైన వల ఒకటి విడిగా కొన్నాను, 380 పడింది. ఫ్రీ వలలో మా ఆవిడ ఉల్లిగడ్డలు పోసి వంటింట్లో వేలాడదీసింది. ఉల్లిగడ్డలైతే ఒక్కటీ జారలేదు.