మోకాళ్ళ నొప్పుల చూర్ణం: ఆ రీల్స్ ఆయన దగ్గర కొనకండి

అదేనండీ, రోట్లో నల్లేరు దంచుతూ రీల్స్ చేసే ఆయన. పేరు రాయను, మీలో సగం మంది ఇళ్ళలో ఆ డబ్బా ఉండే ఉంటుంది.

అమ్మ కోసం తెప్పించాను. నల్లేరు, శొంఠి, దుంపరాష్ట్రం, అశ్వగంధ అని రాసుంది. రెండో రోజుకే మెట్లెక్కేసింది. ఏళ్ళ తరబడి వావిలాకు కాపడం పెట్టినా తగ్గని నొప్పి చెంచాడు పొడితో పోతే అనుమానం రావాలా వద్దా? నేనేమో చుట్టాలందరికీ లింకు పంపాను, పుణ్యాత్ముణ్ణి.

కొన్నాళ్ళకి అమ్మ ముఖం పూరీలా ఉబ్బింది. షుగర్ 300 దాటింది. డాక్టర్ ముఖం చూడగానే "ఏం పొడి వాడుతున్నారు?" అన్నారు. పొద్దున్నే తీసిన రక్తంలో కార్టిసాల్, అంటే ఒళ్ళు తనే తయారుచేసుకునే స్టెరాయిడ్, అడుగంటింది. బయటి నుంచి స్టెరాయిడ్ పడుతుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుందట. శొంఠి చేసే పని కాదది.

ఫోన్ చేశాను. కొనేటప్పుడు "మీ అమ్మగారు నాకూ అమ్మేనండీ" అన్న మనిషి. ముఖం వాచిందంటే నవ్వుతూ, "ఒళ్ళు పట్టిందన్నమాట, సంతోషించండి సార్" అన్నాడు. షుగరో? "పథ్యం తప్పారు. వంకాయ పెట్టుంటారు." లైసెన్స్ నంబరు అడిగేసరికి గొంతు మారింది. "అడవిలో చెట్టుకి లైసెన్సుందా? మందు చేసేది నువ్వా, నేనా?" సార్ కాస్తా నువ్వు అయిపోయాను. పెట్టేసి బ్లాక్ చేశాడు. స్పీకర్‌లో అమ్మ అంతా వింది. "నిజమేరా, మొన్న వంకాయ తిన్నాను" అంటోంది, తప్పంతా తనదే అన్నట్టు! అప్పట్నుంచీ నా ఒళ్ళు మండుతూనే ఉంది.

చెట్టుకి అక్కర్లేదు బాబూ, డబ్బాలో పోసి కొరియర్‌లో అమ్మేవాడికి కావాలి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఆయుర్వేద మందులకీ ఉంది. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే ముట్టుకోకండి. ఆయన డబ్బా మీదున్నది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరొక్కటే. అది తిండి వస్తువులకిచ్చేది, పచ్చడి సీసా మీదా ఉంటుంది.

మిగిలిన పొడి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వడానికి దాచాను. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే భయపడి ఇవాళే మానిపించకండి, డబ్బా పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్ళండి. ఎక్కువకాలం పడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు. అమ్మకి బిళ్ళలిచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు.